నెలసరికి ముందు వారం: అది కోపం కాదు, బాధ

స్త్రీల కూటం ముగిసి అందరూ వెళ్లిపోయాక, కొందరు సహోదరీలు మెల్లగా చెప్పుకునే ప్రార్థన మనవి ఒకటుంది. నెలసరికి వారం ముందు నుంచి ఊరికే ఏడుపు వస్తుందని, పిల్లల మీద అకారణంగా అరుస్తున్నామని, తమలో విశ్వాసం తగ్గిపోయిందేమోనని వాళ్ల దిగులు. బుచ్చిరెడ్డిపాలెం లాంటి ఊళ్లలో ఈ మాట పైకి రావడమే అరుదు. అందుకే ఈ వారం దీని గురించి తేటగా రాస్తున్నాం.

ఈ బాధ పేరు ప్రీమెన్‌స్ట్రువల్ సిండ్రోమ్, క్లుప్తంగా పీఎంఎస్. 1931లోనే అమెరికా వైద్యుడు రాబర్ట్ ఫ్రాంక్ దీని గురించి రాశారు. 1953లో బ్రిటన్ వైద్యులు కాథరీనా డాల్టన్, రేమండ్ గ్రీన్ ఇప్పటి పేరుతో వివరించారు. కాబట్టి ఇది ఈ కాలపు ఆడపిల్లల సుకుమారం కాదు. మన అమ్మమ్మలు, నాయనమ్మలు పేరు తెలియకుండానే దీన్ని భరించారు.

రొమ్ములు బరువెక్కి నొప్పి, కడుపు ఉబ్బరం, తలనొప్పి, నడుము నొప్పి, నిద్ర పట్టకపోవడం, తీపి తినాలనే యావ శరీరంలో కనిపించేవి. చిరాకు, దిగులు, ఆందోళన, ధ్యాస నిలవకపోవడం మనసులో కలిగేవి. ఇవి అందరికీ ఒకేలా ఉండవు. పెన్నా ఆయకట్టులో రోజంతా వంగి నాట్లు వేసే తల్లిని నడుము నొప్పి కుంగదీస్తుంది. పనికి పోకపోతే ఆ రోజు కూలి పోతుంది. కాలేజీ అమ్మాయికి చదివింది బుర్రకెక్కదు. ఇంకొకరికి ఏమీ తెలియదు.

అండం విడుదలయ్యాక శరీరంలో ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పెరిగి, నెలసరి దగ్గరపడేకొద్దీ పడిపోతుంది. ఈ ఎగుడుదిగుడు స్త్రీలందరిలోనూ ఉండేదే. కొందరి మెదడు దానికి ఎక్కువగా స్పందిస్తుంది. మనసును నిలకడగా ఉంచే సెరటోనిన్ మీద కూడా ఆ ప్రభావం పడుతుంది. అందుకే "మాకు లేనిది నీకెందుకు?" అని కోడలిని అడగడం న్యాయం కాదు.

గుర్తుపట్టడానికి ఆధారం తేదీలే. పీఎంఎస్ బాధలు నెలసరికి ముందు రోజుల్లో మొదలై, వచ్చిన కొద్ది రోజుల్లో తగ్గిపోతాయి. నెలంతా ఒకేలా నీరసం, దిగులు ఉంటే కారణం వేరే కావచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. థైరాయిడ్ కూడా ఇలాగే అలసట తెస్తుంది. పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండర్ మీదే రెండు మూడు నెలలు ఏ రోజు ఏ బాధ కలిగిందో చిన్న గుర్తు పెట్టుకోండి. డాక్టర్‌కు అది ఎంతో పనికొస్తుంది.

రోజూ నడక, వేళకు నిద్ర చాలామందికి ఉపశమనం ఇస్తాయి. ఉబ్బరం ఎక్కువైతే ఊరగాయలు, ఎండుచేపలు తగ్గించి చూడవచ్చు. కాల్షియం కొందరికి మేలు చేస్తుంది; మాత్రలు మాత్రం డాక్టర్‌ని అడిగే వాడాలి.

కొద్దిమందిలో ఇది తీవ్రమై, బ్రతకాలనే ఆశే పోయేంత నిరాశ కలుగుతుంది. దీన్ని పీఎండీడీ అంటారు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. దీనికి మంచి మందులున్నాయి. చనిపోవాలనే ఆలోచన వస్తే నెలసరి రాగానే సర్దుకుంటుందిలే అని ఆగవద్దు. వెంటనే ఇంట్లో వాళ్లకు చెప్పి ఆసుపత్రికి వెళ్లండి. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

సహోదరులకు ఒక మనవి. ఆ రోజుల్లో భార్య విసుక్కుంటే మాటకు మాట అనకుండా, నీళ్ల బిందె మీరు ఎత్తండి, పిల్లల్ని మీరు నిద్రపుచ్చండి. అలాగని ఆమె న్యాయంగా అడిగిన ప్రతి మాటనూ నెలసరి మీదికి తోసేయకండి. సంఘ పెద్దలు దీన్ని విశ్వాస లోపంగా ఎంచవద్దు. ఆమె కోసం ప్రార్థన చేద్దాం, డాక్టర్ దగ్గరికి తోడుగానూ వెళదాం.