అమ్మ ఉన్నట్టు కాగితం

తన్లిన్‌కు ఇల్లు మారిన హడావుడిలో కిందటేడు నవంబరు సంగతే మరిచిపోయాం. జనవరిలో చూస్తే అమ్మ ఖాతాలో డిసెంబరు నెల ఫ్యామిలీ పెన్షను పడలేదు. రాజమండ్రిలో బ్యాంకుకు ఫోన్ చేస్తే, "లైఫ్ సర్టిఫికెట్ అందలేదండీ" అన్నారు. తప్పు మాదే.

నాన్నగారిది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. అమ్మ మందులూ, మనవలకు పుట్టినరోజు బట్టలూ ఆ పెన్షనులోంచే. "ఇన్నాళ్లూ మీ దగ్గర చెయ్యి చాపలేదు, ఇప్పుడు చాపాలా?" అంటూ ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

పెన్షను ఆగడమంటే రద్దవడం కాదు. మనిషి ఉన్నట్టు రుజువు చేరితే, ఆగిన నెలల డబ్బుతో సహా ఇస్తారు. విదేశాల్లో ఉన్నవారికి మన రాయబార కార్యాలయం అధికారి సంతకం చేసిన సర్టిఫికెట్ చెల్లుతుంది. పాస్‌పోర్టు, పెన్షను ఆర్డరు, పాస్‌బుక్కు నకళ్లు పట్టుకుని, బాగో నది వంతెన దాటి యాంగోన్ మర్చంట్ స్ట్రీట్‌కు వెళ్లాం.

"మామ్మ కనబడుతూనే ఉందిగా, కాగితమెందుకు?" అన్నాడు మా చిన్నాడు. రాజమండ్రి వాళ్లకు కనబడదు కదా నాన్నా!

2014లో మొదలైన జీవన్ ప్రమాణ్‌లో వేలిముద్రతోనూ, 2021 నుంచి ఫోనులో ముఖం చూపించీ ఇవ్వవచ్చు. ఆధార్ మాత్రం ఉండాలి. అంట్లు తోమి తోమి అమ్మ వేలిముద్రలు అరిగిపోయాయి, ఫోనంటే ఆవిడకు నమ్మకం లేదు.

కేంద్ర పెన్షనుదారులకు నవంబరు నెల గడువు. 80 ఏళ్లు దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. రాష్ట్ర పెన్షనుదారుల గడువులు వేరు, ట్రెజరీలో కనుక్కోండి.

మార్చిలో బకాయితో సహా డబ్బు పడింది. క్యాలెండరులో నవంబరు 1 చుట్టూ అమ్మే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది.