సంతాన చికిత్స - సిరల్లో గడ్డకట్టే రక్తం

వేలు తెగితే కొద్ది నిమిషాల్లో రక్తం గడ్డకట్టి ఆగిపోతుందని మీరు జీవశాస్త్రంలో చదువుకున్నారు. అదే పని గాయం లేనిచోట, సిర లోపల జరిగితే ఏమవుతుంది? ఆ గడ్డ రక్తంతోపాటు కదిలి ఊపిరితిత్తుల ధమనిలో ఇరుక్కుంటే ప్రాణానికే ముప్పు. పిల్లల కోసం చికిత్స పొందే స్త్రీలలో ఈ ప్రమాదం కొంత పెరుగుతుంది. ఎందుకో చూద్దాం.

సిరలో రక్తం గడ్డకట్టడానికి మూడు దారులున్నాయి: ప్రవాహం మందగించడం, నాళం లోపలి పొర దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం. 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పేరుతో ఈ మూడింటినీ కలిపి చెబుతారు. మన విషయంలో ముఖ్యమైనది మూడోది.

మామూలుగా నెలకు ఒక్క అండమే పక్వమవుతుంది. టెస్ట్‌ట్యూబ్ బేబీ పద్ధతిలో అనేక అండాలు కావాలి కనుక సుమారు పది రోజులు హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారు. పెరిగే ప్రతి అండపుటికా ఈస్ట్రోజన్‌ను తయారుచేస్తుంది. దాని మోతాదు మామూలు కంటే ఎన్నో రెట్లు పెరగవచ్చు. అప్పుడు కాలేయం ఫైబ్రినోజన్ వంటి గడ్డకట్టించే ప్రొటీన్లను ఎక్కువగా తయారుచేస్తుంది. గడ్డకట్టకుండా అడ్డుకునే ప్రొటీన్-ఎస్ తగ్గుతుంది.

తర్వాత అండాలు పూర్తిగా పక్వం కావడానికి హెచ్‌సీజీ అనే హార్మోన్ ఇస్తారు. కొందరిలో అండాశయాలు దీనికి మితిమీరి స్పందించి బాగా ఉబ్బుతాయి. సూక్ష్మ రక్తనాళాల గోడలు వదులై నీరు పొట్టలోకి కారుతుంది. పొయ్యిమీద మరిగిన చారులా, నీరు పోయిన రక్తం చిక్కబడుతుంది. అసలు ప్రమాదం ఇక్కడే. సాధారణంగా కాలి సిరల్లో ఏర్పడే గడ్డలు వీరిలో మెడ, చేతుల సిరల్లోనూ వస్తాయి. మెడ పట్టేసిందని ఇంట్లో నూనె రాసి ఊరుకునే సందర్భం కాదిది.

ఈ ప్రమాదం ఎంత? స్వీడన్‌లో 1990 నుంచి 2008 వరకు ఈ పద్ధతిలో గర్భం దాల్చి ప్రసవించిన 23,498 మంది రికార్డులను పరిశీలించి, 2013లో ఫలితాలు ప్రచురించారు. మొదటి మూడు నెలల్లో సిరల్లో గడ్డలు వెయ్యికి 1.5 మందిలో కనిపించాయి. సహజంగా గర్భం దాల్చినవారిలో ఇది వెయ్యికి 0.3 మాత్రమే. అంటే అరుదే, కానీ ఐదు రెట్లు. చికిత్సకే భయపడాల్సినంత సంఖ్య కాదు, పట్టించుకోకుండా వదిలేయదగినదీ కాదు.

గర్భం నిలిస్తే పిండం నుంచీ హెచ్‌సీజీ వస్తుంది కనుక అండాశయాల ఉబ్బు మరింత ముదురుతుంది. అందుకే ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో పిండాలను వెంటనే గర్భాశయంలో పెట్టకుండా శీతలీకరించి, శరీరం కుదుటపడ్డాక మరో నెలలో పెడతారు. విచిత్రమేమిటంటే, మన దేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు, 1978 అక్టోబర్ 3న కోల్‌కతాలో జన్మించిన దుర్గ, ఘనీభవింపజేసిన పిండం నుంచే పుట్టింది. ఆ పని చేసిన డాక్టర్ సుభాష్ ముఖర్జీని నాటి అధికారులు నమ్మలేదు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. ఆయన పనికి గుర్తింపు తర్వాతే వచ్చింది.

హెచ్‌సీజీకి బదులు మరో రకం ఇంజెక్షన్ వాడటం ఇంకొక మార్గం. గతంలో గడ్డలు వచ్చినవారికి, కుటుంబంలో ఆ చరిత్ర ఉన్నవారికి, స్థూలకాయులకు ముప్పు ఎక్కువ. ఈ వివరాలు డాక్టరుకు ముందే చెప్పాలి. అవసరమైనవారికి హెపారిన్ ఇస్తారు. అది మాయను దాటి బిడ్డను చేరదు. ఒక కాలో చేయో వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా మర్నాటిదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

అండదానం చేసే యువతులకూ ఇవే ఇంజెక్షన్లు ఇస్తారు. బిడ్డ వారిది కాదు, ముప్పు మాత్రం వారిది. 2021 నాటి చట్టం ప్రకారం ఒక స్త్రీ జీవితంలో ఒక్కసారే అండదానం చేయాలి, ఏడుకు మించి అండాలు తీయకూడదు. ఆమె పేరిట పన్నెండు నెలల బీమా చేయించాల్సింది అండం పొందే దంపతులే.