జనరేటర్లలో లోడు పంపకం: పాతబడిన మాడ్యూళ్ల మార్పిడిలో పాటించవలసిన జాగ్రత్తలు

(ప్రత్యేక వ్యాసం)

గ్రిడ్ నుండి విద్యుత్తు సరఫరా నిలిచిపోయినప్పుడు ఆసుపత్రుల శస్త్రచికిత్స మందిరాలకు, మంచినీటి పంపింగు కేంద్రాలకు, శీతల గిడ్డంగులకు, సమాచార కేంద్రాలకు డీజిల్ జనరేటర్లే ఆధారం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరాన్ని తాకినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాను అతలాకుతలం చేసినప్పుడు విద్యుత్ స్తంభాలు, లైన్లు నేలకొరిగి అనేక ప్రాంతాలు రోజుల తరబడి అంధకారంలో గడిపాయి. అటువంటి సమయంలో జనరేటరు కొన్ని నిమిషాలు కాక రోజుల కొద్దీ నడవవలసి వస్తుంది. ఇంజను ఎంత దృఢమైనదైనా, నియంత్రణ ఫలకంలోని ఒక చిన్న ఎలక్ట్రానిక్ పరికరం అదుపు తప్పితే మొత్తం వ్యవస్థ కుప్పకూలే ప్రమాదం ఉన్నది. ఆ పరికరమే లోడు షేరింగ్ మాడ్యూలు.

లోడు పంపకం ఎందుకు?

పెద్ద సంస్థలలో ఒకే పెద్ద జనరేటరుకు బదులు రెండు లేదా అంతకు మించిన జనరేటర్లను ఒకే బస్‌బారుకు అనుసంధానించి సమాంతరంగా నడుపుతారు. ఒకటి మరమ్మతులో ఉన్నా మిగిలినవి ముఖ్యమైన అవసరాలను తీర్చగలవు. లోడు తక్కువగా ఉన్న వేళ ఒకదానిని ఆపి డీజిలు ఆదా చేయవచ్చు.

అయితే సమాంతరంగా నడిచే యంత్రాలు భారాన్ని తమంతట తాము సమానంగా పంచుకోవు. ఏ ఇంజనుకు ఎక్కువ ఇంధనం అందితే అది ఎక్కువ కిలోవాట్లను మోస్తుంది. ఇంధనాన్ని నియంత్రించేది గవర్నరు. అదే విధంగా రియాక్టివ్ లోడు పంపకం ఆల్టర్నేటరు ఉత్తేజనంపై, అనగా ఆటోమేటిక్ ఓల్టేజి రెగ్యులేటరుపై ఆధారపడి ఉంటుంది. ఈ రెండింటినీ వేరువేరుగా అర్థం చేసుకొననిదే లోపాన్ని గుర్తించడం సాధ్యం కాదు.

భారం పంచుకొనడానికి రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మొదటిది డ్రూప్ పద్ధతి. ఇందులో లోడు పెరిగిన కొలదీ వేగం కొద్దిగా తగ్గేటట్లు గవర్నరును అమర్చుతారు. ఉదాహరణకు 4 శాతం డ్రూప్ ఉన్న యంత్రం లోడు లేనప్పుడు 52 హెర్ట్జ్, పూర్తి లోడు వద్ద 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీతో నడుస్తుంది. ఇది సరళమైన పద్ధతి. కాని ఫ్రీక్వెన్సీ స్థిరంగా ఉండదు. రెండవది ఐసోక్రోనస్ పద్ధతి. ఇందులో లోడు ఎంతైనా ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ వద్దనే నిలుస్తుంది. అయితే రెండు యంత్రాలను ఏ అనుసంధానమూ లేకుండా ఈ పద్ధతిలో నడిపితే ఒకదానితో ఒకటి పోటీపడి, ఒకటి భారమంతా లాగుకొనగా మరొకటి ఖాళీగా మిగులుతుంది. ఈ పోటీని నివారించేదే లోడు షేరింగ్ మాడ్యూలు.

మాడ్యూలు పనిచేసే తీరు

ప్రతి జనరేటరుకు ఒక మాడ్యూలు ఉంటుంది. అది కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ల నుండి కరెంటును, బస్ నుండి ఓల్టేజిని గ్రహించి తన యంత్రం మోస్తున్న కిలోవాట్లను లెక్కగట్టి, పూర్తి సామర్థ్యంలో అది ఎంత శాతమో తెలిపే చిన్న డీసీ ఓల్టేజిగా మారుస్తుంది. అన్ని మాడ్యూళ్లను కలిపే రెండు తీగల లోడు షేరింగ్ లైనుపై ఈ ఓల్టేజిల సగటు నిలుస్తుంది. ప్రతి మాడ్యూలు తన విలువను ఆ సగటుతో పోల్చుకొని, తక్కువైతే ఇంధనం పెంచమని, ఎక్కువైతే తగ్గించమని గవర్నరుకు సంకేతం పంపుతుంది. శాతం ఆధారంగా పోల్చడం వల్ల వేర్వేరు సామర్థ్యం గల యంత్రాలు కూడా తమ శక్తికి తగిన పాలును మోయగలవు.

లోపం వస్తే ఏమవుతుంది?

ఒక ఆసుపత్రిలో 500 కేవీఏ సామర్థ్యం గల రెండు జనరేటర్లు ఉన్నాయనుకుందాం. 0.8 పవర్ ఫ్యాక్టరు వద్ద ఒక్కొక్కటి 400 కిలోవాట్లు ఇవ్వగలదు. మొత్తం లోడు 520 కిలోవాట్లయితే చెరి 260 కిలోవాట్లు మోస్తాయి. ఒక మాడ్యూలు తప్పుడు సంకేతం ఇచ్చి భారం 430, 90 కిలోవాట్లుగా చీలిందంటే మొదటి యంత్రం అధిక లోడుతో ట్రిప్ అవుతుంది. మరుక్షణం 520 కిలోవాట్లూ రెండవ దానిపై పడి అదీ ఆగిపోతుంది. రెండు ఇంజన్లూ ఆరోగ్యంగానే ఉన్నా ఆసుపత్రి చీకటిలో మునుగుతుంది. యూపీఎస్ బ్యాటరీలు కొంతసేపు మాత్రమే ఆదుకొంటాయి.

తక్కువ లోడు వేళ మరొక ప్రమాదం ఉన్నది. వెనుకబడిన యంత్రం విద్యుత్తు ఇవ్వడానికి బదులు బస్ నుండి తీసుకొని మోటారువలె తిరుగుతుంది. దీనిని గుర్తించి బ్రేకరును తెరిచేది రివర్స్ పవర్ రిలే. ఈ రిలే తరచుగా పనిచేస్తున్నదంటే లోడు పంపకంలో లోపమున్నదని అనుమానించవలసిందే.

వయసుతో వచ్చే మార్పులు

పాత అనలాగ్ మాడ్యూళ్లలోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు కాలక్రమేణా ఎండిపోతాయి. పరిసర ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీల సెల్సియస్ పెరుగుదలకు వాటి ఆయువు సుమారు సగానికి తగ్గుతుందని ఇంజనీర్లు అంచనాగా పాటిస్తారు. మన వేసవిలో గాలి ఆడని జనరేటరు గదులలో ఈ ప్రభావం ఎంతో ఊహించవచ్చు. ఇంజను ప్రకంపనల వల్ల టంకం అతుకులు పగుళ్లు తీస్తాయి. సర్దుబాటుకు వాడే పొటెన్షియోమీటర్ల విలువలు పక్కకు జరుగుతాయి. తీరప్రాంతాల ఉప్పుగాలికి రిలే కాంటాక్టులు, టెర్మినళ్లు తుప్పు పడతాయి. దీనికితోడు తయారీ నిలిచిన నమూనాలకు విడిభాగాలు దొరకవు.

యంత్రాల మధ్య లోడు ముందుకు వెనుకకు ఊగడం, స్థిరమైన తేడా కనిపించడం, వేడెక్కిన తరువాత మాత్రమే లోపం బయటపడడం ముఖ్య లక్షణాలు. ఐఎస్ఓ 8528 ప్రమాణం ప్రకారం మెరుగైన నియంత్రణ తరగతుల జనరేటర్లలో 80 నుండి 100 శాతం లోడు మధ్య కిలోవాట్ల పంపకంలో తేడా 5 శాతానికి, 20 నుండి 80 శాతం మధ్య 10 శాతానికి మించరాదు.

మార్చే ముందు నిర్ధారణ

లక్షణం కనిపించిన వెంటనే మాడ్యూలును నిందించడం తగదు. మూసుకుపోయిన డీజిల్ ఫిల్టరు, బిగుసుకుపోయిన యాక్చుయేటరు, వదులైన సీటీ తీగ, తెగిన లోడు షేరింగ్ లైను కూడా ఇవే లక్షణాలను చూపగలవు. కిలోవాట్లు సమానంగా ఉండి ఆంపియర్లలో మాత్రమే తేడా ఉంటే లోపం ఓల్టేజి రెగ్యులేటరు వైపు ఉన్నట్లు. ఒకే రకమైన రెండు మాడ్యూళ్లను సురక్షితంగా పరస్పరం మార్చి చూసినప్పుడు లోపం మాడ్యూలుతోపాటు మారితే నిర్ధారణ అయినట్లే.

ఎంపికలో కూడా అప్రమత్తత అవసరం. పాత లైను పూర్తి లోడు వద్ద 3 ఓల్టుల పద్ధతిలో పనిచేస్తుండగా కొత్తది 5 ఓల్టుల పద్ధతికి చెందితే రెండింటికీ పొత్తు కుదరదు. ఆధునిక డిజిటల్ కంట్రోలర్లు డేటా కేబులు ద్వారా మాట్లాడుకుంటాయి. పాత అనలాగ్ మాడ్యూలుకు ఆ భాష తెలియదు. కాబట్టి తగిన అనుసంధాన పరికరం లేనిచోట అన్ని యంత్రాల మాడ్యూళ్లను ఒకేసారి మార్చడం శ్రేయస్కరం.

మార్పిడి క్రమం

పని ప్రారంభానికి ముందే ప్రత్యామ్నాయ సరఫరాను సిద్ధం చేసుకోవాలి. తుపానుల కాలానికి ముందుగానే పని ముగించడం మంచిది. పాత సెట్టింగులన్నింటినీ నమోదు చేసి, ప్రతి తీగకు సంఖ్య వేసి, ఫలకాన్ని ఛాయాచిత్రాలు తీయాలి. ఇంజను అనుకోకుండా స్టార్టు కాకుండా బ్యాటరీని వేరుచేసి, బ్రేకరుకు తాళం వేయాలి.

అన్నింటికంటే ముఖ్యమైన హెచ్చరిక కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లకు సంబంధించినది. ప్రైమరీలో కరెంటు ప్రవహిస్తుండగా సీటీ సెకండరీని తెరిచి ఉంచితే ప్రాణాంతకమైన ఓల్టేజి పుడుతుంది. మాడ్యూలు తీగలు విప్పే ముందు సెకండరీని షార్టింగు లింకులతో కలిపివేయాలి.

కొత్త మాడ్యూలు అమర్చిన తరువాత సీటీ నిష్పత్తి, ధ్రువత, ఫేజుల వరుస సరిచూడాలి. ఒక సీటీ తలక్రిందులైతే మాడ్యూలు లోడును తప్పుగా చదువుతుంది. లోడు షేరింగ్ లైనుకు కవచమున్న మెలి తీగను వాడి, కవచాన్ని ఒక చివర మాత్రమే ఎర్త్ చేయాలి. దానిని పవర్ కేబుళ్లతో కలిపి వేయరాదు.

తదుపరి ప్రతి యంత్రాన్ని విడిగా 50 హెర్ట్జ్ వద్ద నడిపి, తెలిసిన లోడు వద్ద అన్ని మాడ్యూళ్లూ ఒకే శాతానికి ఒకే సంకేతం ఇచ్చేటట్లు సర్దాలి. ఆ తరువాతనే సింక్రనైజ్ చేసి, లోడు బ్యాంకు సహాయంతో అంచెలంచెలుగా భారం పెంచి తగ్గించి చూడాలి. రివర్స్ పవర్ రిలేను పరీక్షించాలి. చివరిగా, నడుస్తున్న ఒక యంత్రాన్ని ఉద్దేశపూర్వకంగా ఆపి, అనవసర లోడులు ముందుగా తొలగి అత్యవసర లోడులు నిలుస్తున్నవో లేదో నిర్ధారించుకోవాలి. ఈ పరీక్ష జరపనిదే పని పూర్తయినట్లు భావించరాదు.

నిబంధనలు, నిర్వహణ

విద్యుత్ చట్టం, 2003 కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో జారీ చేసిన భద్రతా నిబంధనలను జనరేటర్ల యజమానులు పాటించవలసి ఉంటుంది. అర్హత గల సిబ్బందితోనే పని చేయించాలి. తొలగించిన సర్క్యూట్ బోర్డులను చెత్తలో పారవేయక నమోదిత రీసైక్లర్లకు అప్పగించాలి.

కొత్త సెట్టింగుల ప్రతిని ఫలకం వద్ద ఒకటి, కార్యాలయంలో ఒకటి భద్రపరచాలి. రాత్రి విధులలోని ఆపరేటరుకు కూడా కొత్త తెరపై సూచనలు అర్థమయ్యేటట్లు తెలుగులో శిక్షణ ఇవ్వాలి. నెలకొకసారి ఖాళీగా కాక నిజమైన లోడుపై జనరేటర్లను కలిపి నడిపి, ఒక్కొక్కటి మోసిన కిలోవాట్లను పుస్తకంలో నమోదు చేయాలి. ఆ అంకెల మధ్య తేడా నెలనెలా పెరుగుతున్నదంటే మాడ్యూలు ముందుగానే హెచ్చరిస్తున్నదన్నమాట. ఆ హెచ్చరికను సకాలంలో గుర్తించిన సంస్థలో తుపాను రాత్రి కూడా శస్త్రచికిత్స మందిరపు దీపం ఆరదు.