శరణార్థి మాట - సత్యనిర్ణయం

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన మహావరదను ఏటి ఒడ్డువారు నేటికీ మరువలేదు. భద్రాచలం వద్ద నాడు నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. ఆ వరదను చూచిన ఇద్దరు పెద్దలను మన పట్టిసీమ రేవులో వేరువేరుగా అడిగితే, ఏరు పొంగింది అర్ధరాత్రి అని ఒకరు, తెల్లవారుజామున అని మరొకరు చెప్పవచ్చు. అంతమాత్రాన వరదే రాలేదని మనం అనము. కాని ప్రాణభయంతో పరదేశం చేరిన మనిషి తేదీలు తడబడితే, అబద్ధమాడుతున్నాడని లోకం తొందరపడి తేల్చివేస్తుంది. ఈ సత్యనిర్ణయం ఎట్లా జరగవలెనో పరిశీలిద్దాము.

జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెంది ఉండటం, రాజకీయాభిప్రాయం - వీటిలో ఏ కారణం చేతనైనా స్వదేశంలో హింసకు గురి అవుతాననే సహేతుకమైన భయంతో దేశం వెలుపల ఉన్నవాడు శరణార్థి అని 1951 నాటి జెనీవా ఒడంబడిక సారాంశం. భారతదేశం దానిపై సంతకం చేయలేదు. ఇక్కడ శరణు కోరే కొన్ని దేశాలవారి విన్నపాలను ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి శరణార్థుల హైకమిషనర్ కార్యాలయం విచారిస్తుంది.

పారిపోయి వచ్చినవాని చేతిలో పత్రాలు ఉండటం అరుదు. ఈ సంగతి మన సీమకు కొత్త కాదు. కోరంగి రేవు పేరు మీదనే బర్మాలోని తెలుగువారిని 'కోరంగీలు' అనేవారు. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు అనేకులు కట్టుబట్టలతో, అడవులు, కొండలు దాటి కాలినడకన తిరిగివచ్చారు. వారు చేరింది స్వదేశానికే గనుక నేటి న్యాయార్థంలో శరణార్థులు కారు. అయినా, "ఇంటి పత్రం చూపు, బయలుదేరిన తేదీ చెప్పు" అని నిలదీస్తే ఎందరు చెప్పగలిగేవారు?

కావున విచారణాధికారి చూడవలసినవి ముఖ్యంగా మూడు. కథనంలోని ప్రధానాంశాలు ఒకదానితో ఒకటి పొసగుతున్నవా? ఆ దేశ పరిస్థితులతో సరిపోతున్నవా? తాను స్వయంగా అనుభవించిన దానికి తగిన వివరం ఉన్నదా? వైరుధ్యం కనబడితే దానిని అతని ముందుంచి సమాధానం వినవలెను. దుబాసీ పొరపాటు, భయం, సిగ్గు, దెబ్బతిన్న జ్ఞాపకం - ఏదైనా కారణం కావచ్చు. కంటతడి పెట్టకపోవడం అసత్యానికి గుర్తు కాదు.

చెప్పినదంతా నమ్మవలెనని మేము అనడం లేదు. కల్పించి చెప్పేవారూ ఉంటారు. అయితే దొరికే సాక్ష్యమంతా పరిశీలించిన పిమ్మట, కథనం మొత్తం మీద నమ్మదగినదై ఉంటే, రుజువు దొరకని విషయాలలో సంశయలాభం శరణార్థికే ఇవ్వాలని హైకమిషనర్ కార్యాలయం 1979లో వెలువరించిన కరదీపిక చెబుతోంది. హింస జరిగే అవకాశం సగానికి మించి ఉన్నదని నిరూపించనవసరం లేదని 1987లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

విన్నపాన్ని తిరస్కరిస్తే కారణాలు తెలుపవలెను. అప్పీలును మొదటి అధికారి కాక వేరొకరు చూడవలెను. సొమ్ము తగాదాలో తీర్పు పొరపడితే సొమ్ము తిరిగి ఇప్పించవచ్చు. ఇక్కడ పొరపడితే పోయే ప్రాణాన్ని ఏ అప్పీలూ తిరిగి తేలేదు.

చక్మాల కేసులో 1996లో మన సుప్రీంకోర్టు, రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చే ప్రాణరక్షణ పౌరులకే కాక పరదేశీయులకూ వర్తిస్తుందని స్పష్టం చేసింది. నాడు మనవారు విడిచివచ్చిన బర్మా నుండే వచ్చిన రోహింగ్యాలు నేడు హైదరాబాదు బాలాపూరు పరిసరాలలో తలదాచుకొంటున్నారు. వారి మాట నిజమో కాదో విచారించవలసిందే. కాని ముందుగా, ఆ మాటను పూర్తిగా వినవలెను.