అటక మీది కొడుకు

భారవి కథ మనందరికీ చిన్నప్పుడే తెలుసు. ఊరంతా మహాకవి అంటుంటే తండ్రి మాత్రం 'ఆఁ, వాడింకా కుర్రవాడు' అని తీసిపారేస్తాడు. ఆ మాట పడలేక ఒక రాత్రి భారవి పెద్ద బండరాయి తీసుకుని అటకెక్కుతాడు. కింద తల్లి అడుగుతుంది, పిల్లవాణ్ణి ఒక్కసారి మెచ్చుకుంటే మీ సొమ్మేం పోయిందని. తండ్రి పొగిడితే బిడ్డకి ఆయుక్షీణం అంటాడాయన. రాయి భారవి చేతిలోనే ఉండిపోతుంది.

ఎన్నిసార్లు విన్నా ఆ తల్లి ప్రశ్న ఎప్పుడూ నా చెవిని పడలేదు. ఆమె అడగకపోతే ఆ తండ్రి నోరు విప్పేవాడా? ఒక కొరియన్ కుటుంబం కథ చదివాక గానీ నాకీ సందేహం రాలేదు.

ఆ కథ రాసిన చాంగ్ రే లీ 1965లో సియోల్‌లో పుట్టి, మూడేళ్లకే అమెరికా వచ్చాడు. ఆయన మొదటి నవల 'నేటివ్ స్పీకర్' 1995లో వచ్చింది. కథ చెప్పే హెన్రీ పార్క్ తండ్రికి న్యూయార్కులో కూరగాయల దుకాణాలు. తోటి కొరియన్లతో కలిసి వేసుకున్న 'గ్యే' డబ్బుతో నిలదొక్కుకున్నాడు. గ్యే అంటే మన చిట్టీ లాంటిదే. కొరియాలో మంచి కాలేజీలో ఇంజినీరింగు పై చదువు చదివినవాడు, ఇక్కడ తెల్లవారకముందే లేచి కాయగూరలు పేర్చుకున్నాడు. ఆ చదువు సంగతి ఆయన కొడుకుతో చెప్పుకోడు. తల్లి చెబుతుంది. హెన్రీకి పదేళ్లప్పుడు ఆ తల్లి కాన్సరుతో పోతుంది. ఆ తర్వాత తండ్రి మనసులోని మాటను కొడుక్కి మోసుకొచ్చే మనిషి ఆ ఇంట్లో లేదు.

దుకాణంలో ఒక ఘట్టం నన్ను వదలదు. డబ్బున్న తెల్లవాళ్లు సరుకు కొనడానికి వస్తారు. కొడుకు ఎంత మంచి ఇంగ్లీషు మాట్లాడతాడో వాళ్లు వినాలని తండ్రి తాపత్రయం. కాస్త షేక్స్పియర్ పలుకులేవైనా అప్పజెప్పమంటాడు. కుర్రవాడు ఒప్పుకోడు. తండ్రి మీద కొంత కసితో పనివాళ్లతో కొరియన్‌లోనే మాట్లాడతాడు. నలుగురిలో నిలబెట్టి కొడుకుని చూపించుకోవాలనుకోవడమే ఆ తండ్రికి చేతనైన మెచ్చుకోలు. కొడుక్కి మాత్రం అది వ్యాపారం కోసం చేయించే ప్రదర్శనలా కనిపించింది. ఇందులో నేను ఎవరినీ తప్పు పట్టలేను.

ఎందుకంటే ఆ గల్లాపెట్టె పక్కన నేనూ నిలబడ్డాను. మా నాన్నది తెనాలిలో కిరాణా కొట్టు. ఎవరైనా బ్యాంకు కాగితమో కోర్టు నోటీసో పట్టుకొస్తే, 'మావాడు చదువుతాడు, ఇటివ్వండి' అనేవారు. నేను చదువుతుంటే ఆయన నా వైపు చూసేవారు కాదు. కాగితం చుట్టలో కందిపప్పు పోసి, అంచులు మడిచి, పైనుంచి వేలాడే పురికొస లాగి రెండు చుట్లు తిప్పి పుటుక్కున తెంపేవారు. నేను చదవడం అయ్యాక 'సరే, వెళ్లు' అనేవారు. అంతే. రాత్రి అన్నం పెడుతూ అమ్మ అనేది: 'ఇవాళ ఇంగ్లీషు కాగితం గడగడా చదివేశావటగా, మీ నాన్న చెప్పారు.'

ఆ 'టగా' మీద నేను పెరిగాను. హెన్రీకి అది దక్కలేదు.

దక్కనిదాన్ని అతను వేరేచోట వెతుక్కుంటాడు. అతని ఉద్యోగమే మనుషుల మీద నిఘా పెట్టడం. క్వీన్స్‌లో పైకొస్తున్న కొరియన్ నాయకుడు జాన్ క్వాంగ్ మీద నిఘాకి పంపితే, ఆ మనిషిలోనే తండ్రిని చూసుకుంటాడు. ఈ రాజకీయ కథ నవలలో చాలా చోటు తీసుకుంటుంది గానీ, నా మనసు మాత్రం తండ్రి మంచం దగ్గరే ఆగిపోయింది. పక్షవాతంతో ఆ ముసలాయన మాట పడిపోయి పడుకుని ఉంటే, హెన్రీ పక్కన కూర్చుని ఇన్నేళ్ల ఫిర్యాదులూ ఆయన మొహం మీదే చెబుతాడు. అమ్మని ఎలా చూశావు, ఇల్లెలా నడిపావు అని వరసపెట్టి అడుగుతాడు. భారవి చేతిలోని బండరాయే అది. అతను దాన్ని వదిలేశాడు. ఆపగలిగిన మాట ఆ ఇంట్లో ఎవరూ అనలేదు.

మన ఇళ్లలో అమ్మలున్నారు. అయినా ఇక్కడ అమెరికాలో తండ్రి ఒక షిఫ్టు, తల్లి ఒక షిఫ్టు. నాయనమ్మ వీసా మీద వచ్చి ఉండేది ఆరు నెలలు. పిల్లవాడు గదిలో, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. చాటున విన్న మెప్పుతో పెరిగిన మనం, చాటే లేని ఇళ్లు కట్టుకున్నాం. ఉగాదికి వేదికెక్కే ప్రతి కుర్రవాడూ పద్యం మధ్యలో మూడో వరసకేసి చూస్తాడు. అక్కడ తండ్రి మొహం ఫోను వెనక ఉంటుంది, వీడియో తీస్తూ. ఆ వీడియో గుంటూరు వెళుతుంది, హైదరాబాదు వెళుతుంది. దానికింద రాసిన 'మావాడు' అన్న గర్వం మాత్రం వాడిదాకా రాదు.

పోయిన నెల మావాడు పోతన పద్యం ఒకటి, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న కాగితం చేత్తో పట్టుకుని, మేడ మెట్ల మీద అటూ ఇటూ తిరుగుతూ వల్లె వేస్తున్నాడు. ఒత్తులు పలకలేక రెండుచోట్ల ఆగాడు, మళ్లీ మొదలుపెట్టాడు. నేను వంటింట్లో ఉన్నాను. వాడు వింటున్నాడని తెలిసే, గొంతు కాస్త పెంచి మా ఆవిడతో అన్నాను, 'వాడి వయసులో నాకింత పట్టుదల లేదు' అని. మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగింది. పూర్తిగా అర్థమైందో లేదోనని, ఆ మాటే ఇంగ్లీషులో మళ్లీ చెప్పాను.