చిన్న కారులో స్టీరియోకు చోటెక్కడ?

పాతకాలపు చిన్న కారు ఇంట్లో వున్నవారికి ఒక సంతోషమూ, ఒక చింతా వుంటాయి. బీచి రోడ్డు మీద వెళ్తూంటే పెద్ద కార్లవారు సైతం అద్దం దించి చూస్తారు, అది సంతోషం. పిల్లల్ని వెనక కూర్చోబెట్టి భీమిలికో, సింహాచలానికో బయలుదేరితే ఇంజను చప్పుడు తప్ప మరో సంగీతం వినిపించదు, అది చింత. "ఒక స్టీరియో పెట్టించకూడదా, నాన్నా?" అంటుంది అమ్మాయి. "డ్యాష్‌బోర్డు కాస్త కోస్తే సరి, గంటలో పని" అంటాడు మెకానిక్కు. "మీ తాతగారు ఆ కారు మీద గీత కూడా పడనిచ్చేవారు కాదు" అంటుంది బామ్మ. ముగ్గురి మాటలోనూ న్యాయం వుంది. కాని ఒక్క సంగతి. ఈ వేళ లేని పాట రేపు పెట్టించుకోవచ్చు. కోసిన రేకు మాత్రం మళ్ళీ అతకదు.

ఈ చిక్కు ఎట్లా వచ్చింది?

కారులో రేడియో కొత్త సరదా ఏమీ కాదు. అమెరికాలో గాల్విన్ సోదరులు 1930లోనే కారు రేడియోను అమ్మకానికి తెచ్చారు. "మోటరోలా" అన్న పేరు పుట్టిందే మోటారు కారు నుంచి. ఆనాటి రేడియోలు వాల్వులతో పనిచేసేవి. బరువైన పెట్టె ఎక్కడో ఒక మూల వుండేది. మీటలు మాత్రం డ్రైవరు చేతికి అందేట్టు విడిగా అమర్చేవారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరవాత అక్కరకు వస్తుంది.

మన దేశంలో తయారైన చిన్న కార్లు పాట కోసం పుట్టినవి కావు. మద్రాసులో స్టాండర్డ్ వారు 1961లో మొదలుపెట్టిన హెరాల్డ్ అయినా, బొంబాయిలో ప్రీమియర్ వారు తయారుచేసి, 1970లలో "పద్మిని" అని పేరు మార్చిన ఫియట్ 1100 అయినా, కుటుంబాన్ని ఎక్కించుకుని వెళ్ళి తిరిగి తీసుకొస్తే చాలునన్న లెక్కతో చేసినవే. ఫియట్ కోసం ఏళ్ళ తరబడి వరసలో వేచివున్న రోజుల్లో, అందులో పాటలు వస్తాయా అని అడిగేదెవరు? పైగా ఆ రోజుల్లో రేడియోకు లైసెన్సు కావాలి. తపాలా ఆఫీసులో రుసుము కట్టాలి. విశాఖపట్నానికి సొంత ఆకాశవాణి కేంద్రం వచ్చిందే 1963లో.

ఇప్పటి మామూలు స్టీరియోల ముఖాలకు మటుకు ఒక కొలత వుంది. జర్మన్లు ఏర్పరచిన ప్రమాణం అది. అమర్చే కంత వెడల్పు 182 మిల్లీమీటర్లు, ఎత్తు 53 మిల్లీమీటర్లు. పాత కారు డ్యాష్‌బోర్డులో అంత ఖాళీ సామాన్యంగా దొరకదు. దొరికినట్టు కనిపించినా, వెనక స్పీడోమీటరు కేబులు అడ్డం వస్తుంది. కనకనే మెకానిక్కు చెయ్యి రంపం మీదికి పోతుంది.

ఉక్కు చేసే ఊరు, ఉక్కును తినే గాలి

రంపం ఏ ఊళ్ళోనైనా తప్పే. విశాఖలో మరీ తప్పు. 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం ఇక్కడే వుంది. ఉక్కును కొరుక్కుతినే ఉప్పుగాలీ ఇక్కడే వుంది. సముద్రపు ఒడ్డున ఇల్లున్నవారిని అడగండి, కిటికీ చువ్వలకు ఎన్నిసార్లు రంగు వేయించారో లెక్క చెబుతారు.

ఇనుము తుప్పు పట్టటానికి గాలీ, తేమా చాలు. వాటికి ఉప్పు తోడైతే ఆ పని మరింత చురుగ్గా సాగుతుంది. కారు రేకును కాపాడేది పైనున్న రంగు పొర ఒక్కటే. కోసిన అంచున ఆ పొర వుండదు. తుప్పు అక్కడ అడుగుపెట్టి, రంగు కింద చాప కింద నీరులా పాకుతుంది. పైకి బుడగ కనిపించేనాటికి లోపల చాలా భాగం తినేసి వుంటుంది. కొత్త భాగం తెచ్చి బిగిద్దామా అంటే, పద్మిని తయారీ 2000 ప్రాంతంలోనే ఆగిపోయింది. హెరాల్డ్ అంతకు ఎన్నో ఏళ్ళ ముందే వెళ్ళిపోయింది.

అందుచేత మొదటి సూత్రం ఇది: కొత్త రంధ్రం వేయకుండా చోటు వెతకాలి. రేపు తీసేస్తే, పెట్టిన గుర్తు మిగలకూడదు.

మరి ఎక్కడ పెట్టాలి?

డ్యాష్‌బోర్డు కింద బ్రాకెట్టుతో వేలాడదీయటం పాత పద్ధతి. అక్కడ ముందే వున్న మరలకు బిగిస్తే రేకు జోలికి పోనక్కరలేదు. అయితే ముందు సీటులో కూర్చున్నవారి మోకాళ్ళు ఎక్కడికి వస్తాయో చూసుకోవాలి. హఠాత్తుగా బ్రేకు వేస్తే ఆ పదునైన మూల పిల్లవాడి మోకాలికి తగులుతుంది.

గ్లవ్ బాక్సులో పెడితే మూత వేసినప్పుడు కారు పాత కారుగానే కనిపిస్తుంది. దొంగ కంటా పడదు. లోతు ముందుగా కొలవాలి. క్యాసెట్టు, సీడీ భాగాలు లేని నేటి సెట్లు పొట్టిగా వుంటాయి కాబట్టి అవి నయం. వేడి పోయేందుకు వెనక కాస్త ఖాళీ వుంచాలి.

ఫియట్‌లో గేరు కర్ర స్టీరింగు పక్కన వుంటుంది. కనక ముందు సీటుకు ఎదురుగా, నేల మధ్య మిట్టగా వున్న భాగం ఖాళీయే. దాని ఆకారానికి తగ్గ చెక్కపెట్టె వడ్రంగి చేత చేయించి, అడుగున రబ్బరు వేసి, కదలకుండా ఇమిడ్చి పెట్టుకోవచ్చు. గేరు కర్ర నేల మీద వున్న హెరాల్డ్‌కు ఈ ఉపాయం అంత సులువు కాదు.

నాలుగోది, అసలు కనిపించకుండా పెట్టటం. చిన్న యాంప్లిఫయరును సీటు కిందో, డిక్కీలోనో దాచి, పాటలు చేతిలోని ఫోను నుంచి పంపటం. పెట్టె ఒకచోట, మీటలు మరొకచోట. 1930ల పద్ధతే మళ్ళీ వచ్చిందన్నమాట! సీటు కింద వాననీరు చేరే కారైతే డిక్కీయే మేలు.

స్పీకర్ల కోసం తలుపులు కోయనక్కరలేదు. వెనక సీటుకు వెనకనున్న అట్టపలకను తీసి భద్రంగా అటక మీద పెట్టి, అదే కొలతకు ప్లైవుడ్ పలక చేయించి, దానికి స్పీకర్లు బిగించవచ్చు.

ప్లస్సూ మైనస్సూ

చోటు కుదిరిన తరవాత తీగల సంగతి. మారిస్ మైనర్ వంటి పాత బ్రిటిష్ కార్లలో బ్యాటరీ ప్లస్ కొసను కారు ఒంటికి కలిపేవారు. నేటి స్టీరియోల లోహపు తొడుగు మైనస్. ఎరగక బిగిస్తే సెట్టు కాలిపోవచ్చు, తీగలూ అంటుకోవచ్చు. ముందు బ్యాటరీ చూపించి, ఆ తరవాతే పని మొదలుపెట్టించండి. స్టీరియో తీగకు బ్యాటరీ దగ్గరే విడిగా ఒక ఫ్యూజు వుండి తీరాలి. తీగ రేకును దాటేచోట రబ్బరు తొడుగు వుండాలి. లేకపోతే అదురుకు ఒరుసుకుని పైపొర తెగుతుంది.

డైనమో వున్న కారులో మరో జాగ్రత్త. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు డైనమో కరెంటు దాదాపు ఇవ్వదు. వాన సాయంత్రం జగదాంబ సెంటరులో ఆగిపోయారనుకోండి. దీపాలు, వైపరు, పాట, అన్నీ బ్యాటరీనే పీలుస్తాయి. పెట్టె మీద అచ్చువేసిన పెద్ద పెద్ద వాట్ల అంకెలు చూసి మోసపోకండి. చిన్న కారుకు చిన్న సెట్టే చాలు.

పాట ఒక్కటే కాదు

ఇంతా చేసి ఇది ఉత్త సరదా అనుకోనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, సెల్‌ఫోన్లు మూగబోయాయి. అట్లాంటి వేళ సొంత బ్యాటరీతో పలికే కారు రేడియో కబురు చెప్పగలదు. అయితే షెడ్డు తలుపులు మూసి ఇంజను మాత్రం నడపకండి. ఆ పొగ ప్రాణం తీస్తుంది.

ఇక షాపుకు వెళ్ళే ముందు ఒక టేపు జేబులో వేసుకోండి. గ్లవ్ బాక్సు లోతూ, డ్యాష్‌బోర్డు కింద మోకాళ్ళ ఎత్తూ, వెనక పలక వెడల్పూ కొలిచి కాగితం మీద రాసుకోండి. సెట్టు కొనటం ఆ తరవాత. అమ్మాయికి పాట దక్కుతుంది, బామ్మకు తాతగారి కారు దక్కుతుంది. మెకానిక్కుకు మాత్రం గంటలో అయ్యే పని ఒక పూట పడుతుంది. ఆ కూలి సంతోషంగా ఇవ్వండి.