తావు మార్చిన ల్యాప్‌టాప్ దారి తప్పుట యేల?

మన పాఠశాలలో చదువుకొను బాలబాలికల యిండ్లలో నేడు పుస్తకముల సంచితోపాటు ల్యాప్‌టాప్ అను యంత్రము కూడ కానవచ్చుచున్నది. కొందఱు దానిని కంతులపై కొనిరి. కొందఱికి అన్నగారో, మేనమామగారో తాము వాడినదానిని ఇచ్చిరి. ఈ యంత్రము ఒకచోట చక్కగా పనిచేసి, మఱియొకచోట తెఱచినంతనే “ఇంటర్నెట్ లేదు” అని చూపుట పలువురకు అనుభవమే. తల్లిదండ్రులు దీనిని యంత్రదోషముగా తలంచి మరమ్మతు అంగడికి పంపుచున్నారు. అచ్చట ధనము వ్యయమగును; రెండుమూడు దినములు గడచును. ఆ దినములలోనే విద్యార్థివేతనపు దరఖాస్తు గడువు ముగిసెనేని, ఒక సంవత్సరపు సాయము చేజాఱును. ఇట్టి చిక్కులలో పెక్కు ఇంటనే తీర్చుకొనదగినవి. అందుచే ఆ విధమును తల్లిదండ్రులకు తెలుపుట మా కర్తవ్యమని భావించితిమి.

మన పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోనిదే యైనను, చాలవఱకు ఆంధ్రప్రదేశ్ గ్రామములచే చుట్టబడియున్నది. వియ్యములకును, వైద్యమునకును, వ్యాపారమునకును మనవారు ఒకనాడు మడకశిరకు, ఒకనాడు హిందూపురమునకు, మఱియొకనాడు తుమకూరునకు పోవుట పరిపాటి. పిల్లల చదువు కూడ వారి వెంట పయనించుచుండును. 2020వ సంవత్సరమున కోవిడ్ వ్యాధి కారణమున బడులు మూతపడినప్పుడు ఇంటర్నెట్ పాఠముల అవసరము మనకు తెలిసివచ్చెను. 2017లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన “దీక్ష” వేదికపై కన్నడమునందేగాక తెలుగునందును పాఠములు కలవు. కన్నడ రాష్ట్రమున నుండి తెలుగు చదువుకొను మన పిల్లలకు ఇది గొప్ప ఆధారము. కావున ఈ త్రోవ తెగకుండ చూచుకొనుట మన చేతిలో నుండవలెను.

సంబంధము ఎట్లు కుదురును?

ల్యాప్‌టాప్ ఒక నెట్‌వర్కున చేరినప్పుడు దానికి మూడు విషయములు తెలియవలెను. మొదటిది, తన చిరునామా. దీనినే ఐపీ అడ్రస్ అందురు. రెండవది, వెలుపలికి పోవు ద్వారము. ఇంటిలో రౌటరే ఆ ద్వారము. హాట్‌స్పాట్ పెట్టినప్పుడు ఫోనే ద్వారము. మూడవది, పేర్లను సంఖ్యలుగా మార్చి చెప్పు పట్టిక. దీనికి డీఎన్ఎస్ అని పేరు. 1983లో పాల్ మోకాపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు దీనిని రూపొందించెను.

ఈ మూడును యంత్రమునకు స్థిరమైనవి కావు. చేరిన ప్రతి నెట్‌వర్కును డీహెచ్‌సీపీ అను పద్ధతిచే వాటిని కొంతకాలమునకు మాత్రమే ఇచ్చును. అద్దెయింటి వంటిదే ఈ చిరునామా. ఇల్లు మారినవాడు పాత తలుపు సంఖ్యనే చెప్పుచుండిన ఉత్తరము చేరదు గదా! అటులనే ల్యాప్‌టాప్ పాత నెట్‌వర్కు వివరములను పట్టుకొనియుండెనేని క్రొత్తచోట దానికి దారి దొరకదు.

ఇంకొక విషయము గమనింపదగినది. తెరపై కనబడు వైఫై గీతలు యంత్రమునకును రౌటరునకును నడుమ గల సంబంధమును మాత్రమే తెలుపును. రౌటరు నుండి వెలుపలికి త్రోవ యున్నదో లేదో అవి చెప్పజాలవు. ఇంటిలో కొళాయి యున్నంతమాత్రమున ట్యాంకులో నీరున్నదని చెప్పగలమా? గీతలు నిండుగా నున్నను ఇంటర్నెట్ లేకుండుటకు కారణ మిదియే.

పరీక్షింపవలసిన వరుస

ముందుగా దోషము ఎచ్చటనో తేల్చుకొనవలెను. అదే వైఫైకి ఒక ఫోనును చేర్చి, దాని మొబైల్ డేటాను ఆపి చూడుడు. ఫోనునందును ఇంటర్నెట్ రాకున్న దోషము రౌటరుదో, వెలుపలి తీగదో యగును. ల్యాప్‌టాప్‌ను అంగడికి పంపిన ప్రయోజనము లేదు. రౌటరును ఆపి, అర నిమిషము తరువాత మరల వేసి, రెండుమూడు నిమిషములు వేచియుండుడు. ఫోనునందు వచ్చి ల్యాప్‌టాప్‌నందు రాకున్నప్పుడే ఈ క్రింది వానిని వరుసగా చేయవలెను.

1. ఏరోప్లేన్ మోడ్ వేసియున్నదేమో చూడుడు. వైఫైని ఒకసారి ఆపి మరల వేయుడు. అప్పటికిని కుదరకున్న “రీస్టార్ట్” చేయుడు. విండోస్ యంత్రములలో పెక్కింట “షట్‌డౌన్” చేసినను పాత స్థితి కొంత నిలిచియుండును. రీస్టార్ట్ చేసినప్పుడే అది పూర్తిగా తొలగును.

2. సంకేతపదము మారియుండవచ్చును. యంత్రము పాతదానినే వాడుచుండును. సెట్టింగులలో ఆ నెట్‌వర్కు పేరు ఎదుట “ఫర్‌గెట్” అనుదానిని నొక్కి, క్రొత్త సంకేతపదముతో మరల చేరవలెను.

3. నెట్‌వర్కు వివరములలో చిరునామాను చూడుడు. అది 169.254 అని మొదలైనచో యంత్రమునకు రౌటరు చిరునామా ఇయ్యలేదని యర్థము. కార్యాలయములలోనో, కళాశాలలలోనో ఎవరైన చేతితో సంఖ్యలు వ్రాసిపెట్టుటయు కలదు. వాడిన యంత్రములను కొన్నవారు దీనిని తప్పక పరిశీలింపవలెను. ఇంటిలో వాడునప్పుడు దీనిని “ఆటోమేటిక్” అని యుంచుటయే మేలు.

4. అట్టి యంత్రములలోనే ప్రాక్సీ, వీపీఎన్ అను ఏర్పాట్లు మిగిలియుండవచ్చును. అవి పాత కార్యాలయపు త్రోవనే వెదకుచుండును. ఇంట వానిని ఆపివేయవలెను.

5. గడియారమును, తేదీని చూడుడు. పాత యంత్రములలో లోపలి చిన్న బ్యాటరీ క్షీణించిన తేదీ వెనుకకు పోవును. అప్పుడు ఇంటర్నెట్ ఉన్నను అనేక స్థలములు “భద్రము కాదు” అని తెఱచుకొనవు.

6. రైల్వేస్టేషన్లు, వసతిగృహములు మొదలగు చోట్ల వైఫైకి చేరిన తరువాత ఒక ప్రవేశపుట తెఱచుకొనును. అందు ఫోను నంబరు మొదలగునవి నింపినగాని ఇంటర్నెట్ రాదు. అది తనంత తాను రాకున్న బ్రౌజరును తెఱచి చూడవలెను.

7. ఇవన్నియు విఫలమైనప్పుడే “నెట్‌వర్క్ రీసెట్” చేయవలెను. దానిచే దాచియుంచిన సంకేతపదము లన్నియు చెఱగిపోవును గనుక ముందుగా వానిని ఒక కాగితముపై వ్రాసికొనుడు.

రౌటరు రెండు పేర్లతో కనబడుచుండినచో ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండవది 5 గిగాహెర్ట్జ్ అయియుండును. రెండవది వేగము గలదే యైనను గోడలను దాటుటలో బలహీనము. వెనుక గదిలో చదువుకొను పిల్లవానికి మొదటిదే అనుకూలము.

కొన్ని జాగ్రత్తలు

దరఖాస్తు నింపుచున్న వేళ నెట్‌వర్కును మార్చరాదు. చిరునామా మారినంతనే కొన్ని స్థలములు మనల నెఱుగనట్లు వెలుపలికి పంపివేయును, నింపినదంతయు వ్యర్థమగును. హాట్‌స్పాట్ వాడదలచినవారు మొదటినుండియు దానినే వాడవలెను. పని ముగిసిన పిమ్మట రసీదు సంఖ్యను వ్రాసికొనునంతవఱకు యంత్రమును మూయరాదు. గడువు తుదిదినము వఱకు వేచియుండుట అన్నిటికంటె పెద్ద దోషము.

ఫోను హాట్‌స్పాట్‌ను ల్యాప్‌టాప్ సామాన్య వైఫైగానే తలంచి, విండోస్ నవీకరణలను దింపుకొనుచు దినమునకు గల డేటానంతయు హరింపగలదు. ఆ నెట్‌వర్కును “మీటర్డ్ కనెక్షన్”గా గుర్తించిన ఈ నష్టము తగ్గును. సంకేతపదము లేని బహిరంగ వైఫైపై బ్యాంకు వ్యవహారములు చేయకుండుట మంచిది. సాయము చేయుదుమని వచ్చిన అపరిచితులకు ఓటీపీని ఎన్నడును తెలుపరాదు.

తిరుమణి ప్రాంతమున 2050 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము వెలసిన తాలూకా మనది. లోకమునకు వెలుగు పంపు సీమలో ఒక చిన్న సెట్టింగు తెలియక బిడ్డ చదువు నిలిచిపోవుట తగదు. ఇంగ్లీషు రాదని తల్లులు ఈ యంత్రమునకు దూరముగా నుండనక్కఱలేదు. బిడ్డను చెంత కూర్చుండబెట్టుకొని, పైన చెప్పిన వరుసను చదివి వినిపించుచు, వానిచేతనే ఒక్కొక్కటి చేయింపుడు. ఏది చేసినప్పుడు సంబంధము కుదిరెనో ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. మఱల చిక్కు వచ్చిననాడు ఆ పుటయే మీకు దారి చూపును; ఇరుగుపొరుగు వారికిని ఉపకరించును. ఈ పాటి శ్రద్ధ మన యింటింట నెలకొనవలెనని కోరుచున్నాము.